రోనాల్డ్ రాస్ దొరగారి అర్జీలు

ప్రతివర్షమును ఈ మహాసభా సంచికకు మేము మన కులమున జన్మించిన పెద్దల చరిత్రమునే వ్రాసి సమర్పించుచు వచ్చితిమి. ఈ యేడు పరదేశీయుడైన యొక దొరగారి జీవితమును వ్రాయబూనుట కులబంధువులకును, పోషకమహాశయులకును వింతగా దోపవచ్చును. కారణము విన్నవించెదము.

దిల్‌సుఖ్‌నగరమున మా వీథిలోనే కాపురమున్న మా పూర్వశిష్యుడొకడు మన సంఘమువారి విద్యార్థివేతనముతో జీవశాస్త్రమున పట్టభద్రుడై, నిలువనీటియందు దోమల పిల్లపురుగులను నశింపజేయు మందు నొకదానిని పరిశోధనశాలలో సిద్ధపఱచెను. దానిని వీథులలోనికి దెచ్చుటకై ప్రభుత్వ ద్రవ్యసహాయము గోరి యతడు పెట్టుకొన్న అర్జీ తిరిగివచ్చినది. ఆనాటి సాయంకాలము మా యరుగుమీద గూర్చుండి, ఇక నీ పని మాని ఉద్యోగపరీక్షలకు జదివెదనని చెప్పెను. దిల్‌సుఖ్‌నగరమున ఆ పరీక్షలకు శిక్షణ నిచ్చు శాలలకు కొఱత లేదుగదా! అప్పుడు మే మాతనికి జెప్పిన కథయే యిది. అది చాలవఱకు మన నగరమునందే జరిగినది.

రోనాల్డ్ రాస్ దొరగారు 1857వ సంవత్సరము మే 13వ తేదీన హిమాలయప్రాంతమందలి ఆల్మోరాలో, సైన్యాధికారి యింట జన్మించిరి. బాల్యమున వారి మనసు కవిత్వముమీదను, చిత్రలేఖనముమీదను ఉండెను. తండ్రి వైద్యమునకు బంపెను. 1881లో ఇండియా వైద్యశాఖలో జేరిరి. పిమ్మటి పదుమూడేండ్లను గూర్చి వ్రాయదగినది స్వల్పము. 1894లో లండను నగరమున పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు చలిజ్వరరోగి నెత్తుటియందలి క్రిములను సూక్ష్మదర్శినిలో జూపి, దోమకును ఈ క్రిమికిని సంబంధముండవచ్చునన్న తన యూహను జెప్పెను. నాటినుండి రాస్ దొరగారికి వేఱు చింత లేదు.

1895లో వారు మన లష్కరునకు, అనగా సికిందరాబాదునకు, 19వ మద్రాసు పదాతిదళమునకు వైద్యులై వచ్చిరి. సిపాయీల కాయిలాలు చూచుట వారి యుద్యోగము. దోమలను గోయుమని వారి కెవ్వరును జీతమీయలేదు. పనికి సర్కారు సొమ్ము లేదు, సహాయకులు లేరు, తీరిక యంతకంటె లేదు. నడుమ కలరా పనిమీద బెంగుళూరునకు బంపబడిరి. 1897లో సెలవు దొరకగా దానిని ఉదకమండల ప్రాంతపు జ్వరపుటడవులలో వెచ్చించి, తామే చలిజ్వరము దెచ్చుకొని మరల లష్కరు చేరిరి.

ఆ సంవత్సరపు ఆగస్టు నెల గూర్చి కొంచెము విస్తరించి వ్రాయుటకు చదువరులు మన్నింతురుగాక. ఉక్క మిక్కుటముగా నుండెను. పంకా వేయించిన కోసిన దోమలెగిరిపోవును గనుక పంకా మానిరి. నుదుటి చెమట సోకి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను, కంటియద్దము పగిలియుండెను. హుసేన్ ఖాన్ అను జ్వరరోగి యొకడు తన్ను గుట్టిన దోమ కొక్కింటికి ఒక అణా చొప్పున గొని, ఆగస్టు 16వ తేదీన దోమలకు దేహ మప్పగించెను. ఆ యణాలు దొరగారి సొంతజేబులోనివి. 20వ తేదీన, మచ్చల ఱెక్కల దోమ యొకదాని కడుపుగోడలో, చలిజ్వరక్రిమికి మాత్రమే యుండు నల్లని రేణువులుగల కణములు కనబడెను. మఱునాడు మఱియొక దోమలో నవి పెరిగియుండెను. వేల సంవత్సరములుగా చెడుగాలివలన వచ్చునని లోకము నమ్మిన జ్వరము దారి బేగంపేటలో బయలుపడినది.

దానికి సర్కారు జేసిన సత్కారమేమన, సెప్టెంబరు నెలలో వారిని రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ చేయుట! ఇందు దురుద్దేశము గలదని మేమనము. దళమునకు వైద్యుడు కావలసియుండెను. కాగితములలో ఆయన వైద్యుడు. కాగితములు చూచువాడు దోమకడుపును జూడడు.

అప్పుడు రాస్ దొరగారికి అర్జీలే శరణ్యమైనవి. ఒంటిగా వ్రాసిన ఫలించియుండునో లేదో. లండనులో మాన్సన్ గారు అధికారులను విడువక వేడుకొనిరి. తుదకు 1898 ఫిబ్రవరిలో, ఆఱు నెలల గడువునకు, ప్రత్యేకోద్యోగముపై కలకత్తాకు బంపబడిరి. అప్పటికి ఆ నగరమున ప్లేగు సూదిమందు భయముచే జనులు సూదియన్నచో పాఱిపోవుచుండిరి. మనుష్యులు దొరకరని రాస్ దొరగారు పక్షులను చేపట్టిరి. మహమ్మద్ బక్షు అను సేవకుడు తోడై యుండెను. జూలై నాటికి, క్రిమి దోమ లాలాజలగ్రంథులలో జేరి, కాటుతో మఱియొక పక్షికి సంక్రమించుట నిస్సంశయముగా నిరూపితమైనది. ఆఱు నెలల వెసులుబాటు చేసిన పని యిది. నేడట్టి సహాయము కొంత నియతమైనది. 2012లో స్థాపితమైన బైరాక్ అను కేంద్రప్రభుత్వసంస్థ, బిగ్ అను పథకము క్రింద 18 నెలల గడువునకు 50 లక్షల రూపాయలవఱకు ఇచ్చుచు వచ్చినది. రాస్ దొరగారి కాలమున అడుగుటకు అచ్చుకాగితము సైతము లేదు.

1899లో ఉద్యోగము విడిచి లివర్‌పూల్ ఉష్ణమండల వైద్యశాలలో జేరిరి. 1902లో నోబెల్ బహుమానము వచ్చెను. మా యభిప్రాయమున వారి జీవితమందలి కష్టభాగ మప్పుడే మొదలైనది. దోమను బట్టుట సులభము. దోమగుంటను బూడ్పించుట కష్టము. గుంటలు పూడ్చి, నీటిపై నూనె చల్లు దళములను గూర్చి గ్రంథము వ్రాసిరి. ఆ సంవత్సరమే సూయజు కాలువ సంఘమువారు పిలువగా ఇస్మాయిలియా పట్టణమునకు బోయి మార్గము జూపిరి. సంఘమువారు వెనుదీయక ధనము వెచ్చింపగా కొలది యేండ్లలో నచ్చట చలిజ్వరము దాదాపు మాసిపోయెను. ఆ కాలముననే లాహోరు చెంత మియాన్‌మీరు దండులో మన దేశపు సర్కారువారు తామును యత్నించిరి. స్వల్పధనముతో, స్వల్పప్రదేశమున జేసి, ఫలము గానక, దోమలను దగ్గించుట యసాధ్యమని చెప్పిరి. సగము సొమ్మిచ్చి సిద్ధాంతమునే దప్పుపట్టిరని రాస్ దొరగారు చివరవఱకు వాదించిరి. దోమలన్నిటిని జంపనక్కఱలేదు, ఒక మేరకు దగ్గించిన జ్వరము తనంతట నణగునని గణితముచే జూపిరి. దానిని మెచ్చుకొన్నవారు తరువాతి తరమువారు.

వారి యర్జీలలో వినయము తక్కువయని దాచనేల? తమకు మేలుచేసిన మాన్సన్ గారితోడనే కలహించిరి. మశూచికి టీకాను గనిపెట్టిన జెన్నరునకు పార్లమెంటువారు 1802లో పదివేలును, 1807లో ఇరువదివేలును పౌనులిచ్చిరిగదా యని చూపి, 1913లో తమకును ప్రతిఫలము గోరిరి. ఈయలేదు. వార్ధక్యమున, 1928లో, తమ కాగితముల నన్నింటిని రెండువేల పౌనులకు అమ్ముకొనిరి. 1932 సెప్టెంబరు 16వ తేదీన లండనులో గతించిరి. మన నల్లకుంటలో జనులు కోరంటి దవాఖానా యని పిలుచు జ్వరాల ఆసుపత్రి వారి పేరిటిదే. వానకాలమున సరూరునగరు చెఱువు చుట్టుపట్లనుండి ఆటోలలో అచ్చటికి బోవువారిలో ఈ సంగతి నెఱిగినవారు కొద్దిమంది.

మా శిష్యుడు కథ విని మాఱుపలుకక లేచిపోయెను. పదిదినములకు క్రొత్త అర్జీతో వచ్చెను. మొదటిదానిలో నగరమందలి చెఱువులన్నిటిని గోరియుండెను. ఇందు ఎల్.బి. నగరు వైపున ఒక మురుగుకాలువ, ఆఱు నెలల గడువు, వారమునకొకమాఱు పిల్లపురుగుల లెక్క, అంతే. సంస్కృతము చదివిన మాకు అందలి రసాయనశాస్త్రము బోధపడలేదు; ఖర్చుల పట్టికలో నొక కూడికతప్పు మాత్రము పట్టుకొంటిమి. దిద్ది పంపినాడు. ప్రత్యుత్తరము వచ్చుదాక పరికరముల యద్దె మన విద్యానిధినుండి యిప్పింపవలసినదని కార్యవర్గమువారికి మేమొక విన్నపము నొసగియున్నాము. అది మహాసభ రెండవనాటి యుదయమున చర్చకు రానున్నది.