వర్డ్స్‌వర్త్ మహాకవి సెలవుల పాదయాత్ర

తీర్థయాత్రకు బయలుదేరువాడు పుణ్యమును గోరును. వర్తకమునకై పోవువాడు లాభమును గోరును. విద్యకై పోవువాడు పట్టమును గోరును. ఈ మూడింటిలో నేదియు గోరక, కేవలము సెలవు దినములు గడుపుటకై సముద్రము దాటిన యువకుని లోకము తిరుగుబోతని నిందించును. అట్టి నిందకు పాల్పడినవారిలో ఆంగ్ల కవిత్వమునకు క్రొత్త త్రోవ చూపిన విలియం వర్డ్స్‌వర్త్ ఒకడు. 1790 వ సంవత్సరమున, 20 ఏండ్ల ప్రాయమున, కళాశాల సెలవులలో అతడు ఫ్రాన్సు, స్విట్జర్లాండు, ఇటలీ దేశములలో చేసిన పాదయాత్ర ఆనాడు వృథావ్యయమని తోచెను. తరువాత అదియే అతని జీవితమునకు మూలధనమయ్యెను.

విలియం ఇంగ్లండు దేశపు వాయవ్య భాగమున, కొండలకును సరస్సులకును పేరెన్నిక గన్న కంబర్లాండు మండలములో, కాకర్‌మౌత్ అను చిన్న పట్టణమున 1770 వ సంవత్సరము ఏప్రిల్ 7 వ తేదీన జన్మించెను. తండ్రి జాన్ వర్డ్స్‌వర్త్ న్యాయవాది. సర్ జేమ్స్ లోథర్ అను గొప్ప భూస్వామి కడ వ్యవహారకర్తగా నుండెను. అయిదుగురు బిడ్డలలో విలియం రెండవవాడు. అతనికి ఎనిమిదేండ్లు నిండకముందే తల్లియు, 13 ఏండ్ల ప్రాయమున తండ్రియు గతించిరి. తండ్రి యజమాని కార్యములకై సొంత సొమ్ము వెచ్చించి యుండెను. ఆ బాకీ 4,000 పౌనులకు మించెను. ఎంత అడిగినను ఆ భూస్వామి అనాథలైన పిల్లలకు దానిని చెల్లింపలేదు. 1802 లో అతడు మరణించిన పిదపనే అతని వారసుడు ఆ ఋణమును తీర్చెను. ఇట్లు న్యాయముగా రావలసిన ధనము రాక, పిల్లలు తలకొక చోట బంధువుల పంచలను పెరిగిరి. విలియమునకు ప్రాణసమానమైన చెల్లెలు డొరొతీ తొమ్మిదేండ్లపాటు అన్నకు దూరమై, 1787 లో గాని అతనిని తిరిగి కలిసికొనలేదు.

అంత దుఃఖములోను అతనికి రెండు భాగ్యములు కలిగెను. మొదటిది పుస్తకములు. తండ్రి యింట నున్న గ్రంథములను బాల్యముననే ఇచ్చవచ్చినట్లు చదువుకొను స్వేచ్ఛ అతనికుండెను. డాన్ క్విక్సోటు, గలివరు యాత్రలు మున్నగు కథలు ఆ పసివాని మనస్సును ఇల్లు దాటించి దూరదేశములలో త్రిప్పినవి. రెండవది నడక. హాక్స్‌హెడ్ గ్రామ పాఠశాలలో చదువుచున్న కాలమున అతడు తెల్లవారకముందే లేచి సరస్సు చుట్టును నడచుచుండెను, కొండలెక్కుచుండెను, శీతకాలమున గడ్డకట్టిన నీటిపై జారుచుండెను. పుస్తకము చూపిన దూరమును పాదములతో కొలువవలెనను కోరిక ఆ రెండు అలవాట్ల కలయికనుండి పుట్టినదే.

1787 వ సంవత్సరము అక్టోబరులో అతడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునందలి సెయింట్ జాన్స్ కళాశాలలో, రుసుము తగ్గింపు పొందు విద్యార్థిగా చేరెను. సంరక్షకులైన పెదతండ్రియు మేనమామయు చదువునకు సొమ్ము సమకూర్చిరి. మరియొక మేనమామ విలియం కుక్సన్ అదే కళాశాలలో ఫెలో పదవి ననుభవించినవాడు. మేనల్లుడును గణితమున శ్రమించి, ఉన్నత శ్రేణిలో ఉత్తీర్ణుడై, అట్టి పదవినే సంపాదించి, మతాచార్యుడై కుటుంబమును నిలబెట్టునని బంధువుల యాశ. ఆస్తిలేని అనాథకు అది దొడ్డ దారి. కాని విలియమునకు పరీక్షల పోటీయందు మనస్సు నిలువలేదు. అతడు సోమరి కాడు, గురువు నాశ్రయించి ఇటలీ భాషను, స్పెయిను భాషను నేర్చుకొనెను, కవులను చదివెను. అయినను పరీక్షాధికారులు గోరు గణితమును మాత్రము ప్రక్కకు నెట్టెను.

చివరి పరీక్షకు ముందు వచ్చు వేసవి సెలవులు కేంబ్రిడ్జి విద్యార్థులకు ప్రాణప్రదమైనవి. ఫెలో పదవి నాశించువారు ఆ మాసములలో రాత్రింబవళ్లు చదువుదురు. సరిగా ఆ సెలవులలోనే విలియం తన సహాధ్యాయి, వేల్స్ దేశీయుడు అగు రాబర్టు జోన్సుతో కూడి ఆల్ప్స్ పర్వతములను చూడ సంకల్పించెను. పెద్దల యనుమతి కోరలేదు; కోరినచో రాదని యెరుగును. చెల్లెలికి సైతము ముందుగా తెలుపలేదు. విషయ మెరిగిన స్నేహితులు అది పిచ్చి తలంపనియు, సాధ్యము కానిదనియు భావించిరి.

ఆ కాలమున ఇంగ్లండు ప్రభువుల కుమారులు యూరపు ఖండమును చుట్టివచ్చు ఆచార మొకటి కలదు. వారు గుఱ్ఱపు బండ్లమీద, నౌకరులతోను ఉపాధ్యాయులతోను పోయి, ఏండ్ల తరబడి అచ్చట నుండి వత్తురు. ఈ యిద్దరు బీద విద్యార్థుల వైభవము వేరు. ఒకే గుడ్డతో కుట్టించిన రెండు తేలిక కోటులు, చెరియొక చేతికర్ర, చేతిరుమాలున గట్టిన చిన్న మూట, ఒక్కొక్కరి జేబులో ఇంచుమించు 20 పౌనులు - ఇదియే వారి సంభారము. మూటలను నెత్తిన పెట్టుకొని నడచు ఆ దొరబిడ్డలను చూచి త్రోవలోని పల్లెవారు నవ్వుకొనెడివారు. ఆ నవ్వు వారికి హాని చేయలేదు, సరికదా, పల్లెవారితో మాట కలుపుటకు దోహద మయ్యెను.

1790 జూలై 13 వ తేదీన వారు ఇంగ్లీషు కాలువ దాటి ఫ్రాన్సు తీరమునందలి కాలే పట్టణమున దిగిరి. ఆ మరునాడు బాస్టిల్ కారాగారము కూలిన మొదటి సాంవత్సరికోత్సవము. పదునారవ లూయీ రాజు ప్రజల యెదుట రాజ్యాంగమునకు బద్ధుడనై యుందునని ప్రమాణము చేసిన దినమది. పల్లె పల్లెను పూలమాలలు వ్రేలాడుచుండెను. జనులు బహిరంగ ప్రదేశములలో ఆడి పాడుచుండిరి. యాత్రికులు దక్షిణముగా నడచి, పిదప సోన్ నదిమీద పడవలో లియాన్ నగరమువైపు సాగిరి. పారిస్ ఉత్సవమునుండి స్వస్థలములకు మరలుచున్న ప్రజాప్రతినిధులు ఆ పడవలో నుండిరి. వారు ఈ పరదేశీయులను తమ పంక్తిని కూర్చుండబెట్టుకొని విందు చేసిరి; తమతోపాటు నాట్యమాడించిరి. రాజ్యములు మారుటను పుస్తకములలో చదువువారు పెక్కురు. మారుచున్న రాజ్యము ముఖమున వెలుగు చూచుట కొందరికే లభించును. ఆ వెలుగు తరువాత నెత్తురు మరకలతో మాసిపోయినను, ప్రథమ దర్శనమును విలియం ఎన్నడును మరువలేదు.

ఆగస్టు మాసారంభమున వారు కొండల నడుమ నున్న గ్రాండ్ షార్ట్రూజ్ అను మౌనవ్రతుల మఠమును చేరి, అచ్చట రెండు దినములు గడపిరి. రెండేండ్లకే విప్లవ ప్రభుత్వము ఆ సన్న్యాసులను వెడలగొట్టెను. అటుపిమ్మట ఆగస్టు 14 వ తేదీన ఒక కనుమనుండి మాంట్ బ్లాంక్ శిఖరము కనబడెను. చిత్రమేమనగా, విలియమునకు సంతోషమునకు మారుగా విచారము గలిగెను. చిరకాలము ఊహలో పెంచుకొన్న మహాశిఖరమును కంటి యెదుటి కొండ తుడిచివేసెను. షామోనీ లోయలో దిగి, మంచు నదివలె గడ్డకట్టి జారుటను, దాని చెంతనే పంట కోయుచున్న పల్లెవారిని చూచిన పిమ్మటనే అతని మనస్సు నెమ్మదించెను.

ఇంతకంటె పెద్ద పాఠము మూడు దినములకు, ఆగస్టు 17 వ తేదీన, సింప్లాన్ కనుమయందు లభించెను. మధ్యాహ్నము ఒక పూటకూళ్ల యింట కంచరగాడిదలను తోలువారితో కలిసి భోజనము చేసిరి. వారు ముందుగా లేచిపోయిరి. మిత్రులిద్దరును కొంత జాగు చేసి బయలుదేరి, ఒక వాగు దాటి, ఎదుట నున్న కాలిబాట పట్టి ఉత్సాహముతో పైకెక్కసాగిరి. ఎంత దూరమెక్కినను ముందుపోయినవారు కానరారైరి. అంతలో నొక కాపు ఎదురయ్యెను. త్రోవ తప్పినారనియు, మరల వాగు కడకు దిగి దాని వెంబడి పోవలెననియు, ఇక దారి యంతయు దిగుడే యనియు అతడు చెప్పెను. వారు నమ్మక మాటిమాటికి అడిగిరి. అతని సమాధానములన్నిటికిని అర్థమొక్కటియే: వారు ఆల్ప్స్ పర్వతములను అప్పటికే దాటినారు.

ఏ క్షణముకొరకు ఇల్లు వాకిలి, చదువు, పెద్దల దయ విడిచి వచ్చిరో ఆ క్షణము వారెరుగకుండగనే గడచిపోయెను. ఇద్దరును తల వంచుకొని, జలపాతముల హోరు నిండిన ఇరుకు లోయలోనికి దిగిరి. ఆనాడు విలియం హృదయమున మిగిలినది ఆశాభంగము. పదునాలుగేండ్ల పిదప, 1804 లో, ఆ ఘట్టమును పద్యముగా రచించునప్పుడు గాని దాని లోతు అతనికి తెలియలేదు. శిఖరము చేరితిమనుట చిన్న సంగతి; చేరవలెనని అంత దూరము నడిపించిన మనశ్శక్తి గొప్పది; అది ఏ శిఖరముతోను తృప్తి పడదు. ఇదియే అతడు గ్రహించిన తత్త్వము.

ప్రయాణమున నవ్వు పుట్టించు కష్టములును లేకపోలేదు. ఇటలీలో కోమో సరస్సు తీరమున గ్రావెడోనా యను ఊర, రాత్రి గడియారపు గంటలను వారు తప్పుగా లెక్కించిరి. ఇటలీవారు గంటలు కొట్టు పద్ధతి వేరు. తెల్లవారినదని తలచి వెన్నెలలో బయలుదేరి, అడవిలో త్రోవ తప్పి, పురుగులు కుట్టుచుండగా తెల్లవారు వరకును రాతిమీద కూర్చుండిరి. సెప్టెంబరు 6 వ తేదీన కాన్‌స్టన్సు సరస్సు కడనుండి విలియం చెల్లెలికి దీర్ఘమైన లేఖ వ్రాసెను. కన్న ప్రతి రమ్య దృశ్యమందును ఆమె ప్రక్కన లేకపోయెనే యని వగచినట్లు అందు తెలిపెను. తుదకు బాజెల్ పట్టణమున ఒక చిన్న పడవను కొని, రైను నదిమీద కొలోన్ వరకు పోయి, అక్టోబరులో స్వదేశము చేరిరి. మూడు మాసములలో వేయి మైళ్లకు మించి కాలినడకన సాగిరి. కొన్ని దినములలో ముప్పది మైళ్లకు పైబడి నడచిరి.

ఈ యాత్రకు చెల్లింపవలసిన మూల్యము వెంటనే చెల్లింపవలసివచ్చెను. 1791 జనవరిలో విలియం ఉన్నత శ్రేణి లేక సామాన్య పట్టభద్రుడయ్యెను. ఫెలో పదవి యాశ చెడెను. బంధువులు నొచ్చుకొనిరి. ఆ సంవత్సరాంతమున అతడు మరల ఫ్రాన్సునకు పోయి, ఆనెట్ వల్లాన్ అను యువతిని ప్రేమించెను. 1792 డిసెంబరులో వారికి కరోలిన్ అను కుమార్తె జన్మించెను. చేతిలో ధనము లేక ఇంగ్లండు చేరిన కొలది దినములకే ఇరుదేశములకును యుద్ధము వచ్చి, ఏండ్ల తరబడి తల్లీబిడ్డలకు దూరమయ్యెను. 1795 లో రెయిస్లీ కాల్వర్టు అను మిత్రుడు మరణశాసనమున 900 పౌనులు వ్రాసి యుండనిచో, ఆ యువకుని కవిత్వము పొట్టకూటి పోరాటమున నశించి యుండెడిదేమో. కావున ఆ సెలవుల యాత్రను గూర్చి లెక్క తీయువారు లాభమునే గాక ఖర్చును గూడ వ్రాయవలెను.

లాభము నెమ్మదిగా వచ్చెను. 1793 లో ఆల్ప్స్ యాత్రను వర్ణించు పద్య కావ్యమును ప్రకటించి రాబర్టు జోన్సునకు అంకితమిచ్చెను. అది పెద్దగా పేరు తేలేదు. 1798 లో కోల్‌రిడ్జితో కలిసి ప్రకటించిన లిరికల్ బాలడ్స్ అను సంపుటమున పల్లెటూరి సామాన్యుల బ్రదుకును సామాన్యుల మాటలలో చెప్పి కవిత్వపు దారి మార్చెను. మూట నెత్తిన పెట్టుకొని సామాన్యుల నడుమ నడచినవానికి ఆ దారి దొరకుట వింత గాదు. తన మనస్సు పెరిగిన విధమును చెప్పు ప్రెల్యూడ్ అను మహాకావ్యమున ఆరవ భాగమును ఈ యాత్రకే ప్రధానముగా కేటాయించెను. 1805 నాటికే పూర్తియైన ఆ గ్రంథమును దిద్దుచు బ్రదుకంతయు దాచుకొనెను. అది అతని మరణానంతరమే, 1850 లో, వెలువడెను.

1820 లో, 50 ఏండ్ల వయస్సున, అతడు భార్య మేరీతోను చెల్లెలు డొరొతీతోను ఆ మార్గమునే తిరిగి చూచెను. సింప్లాన్ కనుమలో నాడు తప్పుదారి పట్టించిన కాలిబాటను గుర్తుపట్టి, నిన్న జరిగినట్లే చలించిపోయెను. ముప్పది యేండ్ల క్రితము ప్రక్కన లేదని వగచిన చెల్లెలు ఈసారి ప్రక్కన నుండెను. 1843 లో అతడు ఇంగ్లండు ఆస్థాన కవి యయ్యెను. 1850 ఏప్రిల్ 23 వ తేదీన, 80 వ యేట, రైడల్ మౌంటు గృహమున కన్నుమూసెను.

ఇరువదవ శతాబ్ది తొలిపాదమున ఆంగ్లవిద్య నభ్యసించిన తెలుగు యువకులు వర్డ్స్‌వర్త్, షెల్లీ, కీట్సు కవులను చదివి పరవశించిరి. రాయప్రోలు సుబ్బారావు, దేవులపల్లి కృష్ణశాస్త్రి మున్నగువారి భావకవిత్వమున కొండకును పూవునకును మనిషి హృదయమునకును గల చుట్టరికము వెల్లివిరియుటకు ఆ పఠనము తోడ్పడెను. ఆల్ప్స్ కొండలలో త్రోవ తప్పిన విద్యార్థి అనుభవము గ్రంథముల ద్వారమున గోదావరీ తీరము వరకు ప్రయాణము చేసెను.

ఈ చరిత్ర వలన చదువు మానుకొని తిరుగుట మేలని తలపరాదు. ఆ తలపు ఈ కవి జీవితమునందే చాల కన్నీటిని తెచ్చినది. తెలిసికొనవలసిన దింతమాత్రమే. యువకుని కాలమును నేటి రాబడితో మాత్రమే కొలుచువాడు లెక్క తప్పును. కన్నులు తెరచి నడచిన మూడు నెలలు కొందరికి ముప్పది యేండ్ల పిదప ఫలించును. దేశములు చూచు స్తోమత లేనివారికి గ్రంథాలయము కలదు. కాకర్‌మౌత్ బాలుని యాత్రయు తండ్రి యింటి పుస్తకములనుండియే మొదలయ్యెను.