యాభై ఏళ్ల వయసులో బడి పెట్టిన కమల

వన్ టౌన్‌లో మీ వీధిలోనే పక్షవాతం నుంచి తేరుకున్న పెద్దాయన ఒకరు ఉండే ఉంటారు. కాళేశ్వరరావు మార్కెట్ దాకా నడిచి వెళ్లొస్తారు గానీ, చొక్కా గుండీ పెట్టుకోలేరు, అన్నం కలుపుకోలేరు. నడక తెప్పించింది ఫిజియోథెరపీ అయితే, ఆ గుండీ సంగతి చూసేది ఆక్యుపేషనల్ థెరపీ. పేరు చూసి ఉద్యోగాలిప్పించే కోర్సు అనుకునేవాళ్లూ ఉన్నారు! ఇక్కడ ఆక్యుపేషన్ అంటే మనిషి రోజూ చేసుకునే పని. స్నానం, వంట, రాత, పిల్లలకైతే ఆట కూడా.

ఈ చదువుకి మన దేశంలో పునాది వేసిన కమలా నింబ్‌కర్ పుట్టింది ఇక్కడ కాదు. అసలు పేరు ఎలిజబెత్ లండీ. 1900లో అమెరికాలో, క్వేకర్ కుటుంబంలో పుట్టారు. విష్ణు నింబ్‌కర్‌ని పెళ్లి చేసుకుని 1930లో ఇండియా వచ్చి, కమలగా మారి, బొంబాయిలో స్థిరపడ్డారు.

అసలు కథ ఆ తర్వాతే. నలభై దాటాక ఆమె మళ్లీ విద్యార్థి అయ్యారు. ఫిలడెల్ఫియా వెళ్లి ఆక్యుపేషనల్ థెరపీ చదివారు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుల్ని మళ్లీ పనుల్లో పెట్టే క్రమంలో అమెరికాలో బలపడ్డ విద్య అది. ఇక్కడేమో ఆ పేరు విన్న డాక్టర్లే తక్కువ. అలాంటి చోట 1950లో, బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో, దేశంలోనే మొదటి ఆక్యుపేషనల్ థెరపీ స్కూల్ పెట్టారు. అప్పటికి ఆవిడకి యాభై ఏళ్లు. ఇరవై రెండేళ్లకే లేటయిపోయిందని దిగులుపడే మీకు ఈ లెక్క కాస్త వింతగానే ఉంటుంది.

స్కూల్‌తో ఆగలేదు. 1952లో అఖిల భారత ఆక్యుపేషనల్ థెరపిస్టుల సంఘం ఏర్పడింది, తొలి అధ్యక్షురాలు ఆవిడే. అదే ఏడాది పుట్టిన ప్రపంచ సమాఖ్యలో వ్యవస్థాపక దేశాలు పదే, వాటిలో మనదీ ఒకటి. 1979లో ఆమె కన్నుమూశారు.

ఇక ఇప్పటి మాట. మీ ఇంట్లో ఎవరికైనా థెరపిస్టు కావాల్సొస్తే బోర్డు చూసి వెళ్లిపోకండి. డిగ్రీ బీవోటీనా, ఎక్కడ చదివారు, సంఘంలో గానీ కౌన్సిల్‌లో గానీ రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. అడిగితే చదువుకున్నవాళ్లు నొచ్చుకోరు. మాటలు, నడక ఆలస్యమైన పిల్లల విషయంలో మరీ జాగ్రత్త. అర్హత లేనివాళ్ల దగ్గర పోయేది ఫీజు ఒక్కటే కాదు, నేర్చుకోవాల్సిన వయసు కూడా. మంచి థెరపిస్టు అయితే ముందు ఇంట్లో ఏ పని కష్టమవుతోందో అడిగి, ఆ పని చేయించి చూస్తారు.

ఇంటర్ బైపీసీ చదివి, ఈ దారి పడదామనుకుంటే చెన్నై దగ్గర ముట్టుకాడు, కటక్ దగ్గర ఓలత్‌పూర్, కోల్‌కతాల్లో కేంద్ర ప్రభుత్వ సంస్థలున్నాయి. చెన్నై, కటక్, కోల్‌కతా మూడింటికీ బెజవాడ స్టేషన్ మీదుగా వెళ్లేది ఒకటే మెయిన్ లైను. 2021 చట్టంతో ఈ వృత్తి జాతీయ కమిషన్ కిందికి వచ్చింది, కోర్సు కాలం, ప్రవేశ నిబంధనలు మారుతున్నాయి. అందుకే సీనియర్ల మాట మీద కాకుండా ఆ ఏటి నోటిఫికేషన్ చూసే అప్లై చేయండి. ప్రైవేటు కాలేజీ అయితే ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలోనో ఫీజు కట్టకముందే కనుక్కోండి.