చిన్న తెరేజమ్మ తండ్రిగారి చివరి ఏడేళ్ళు

పునీత చిన్న తెరేజమ్మగారిని ఎరుగని విశ్వాసి మన మేత్రాసనంలో ఉండరు. గులాబీలతో నిలిచిన ఆమె స్వరూపం ఎన్నో గుళ్ళలో చూస్తూనే ఉన్నాం. ఆమె తండ్రి లూయీ మార్టిన్ గారిని గురించి మాత్రం మనకు తెలిసింది తక్కువ. 2015 అక్టోబరు 18న భార్య జేలీగారితో పాటు ఆయనను రోములో పునీతునిగా ప్రకటించారు గనుక, భక్తిపరుడైన తండ్రి అని వింటూ ఉంటాము. అంతటి మనిషి మతి చెదిరి, మూడేళ్ళకు పైగా పిచ్చాసుపత్రిలో గడిపి, కాళ్ళు చచ్చుబడి ఇంటికి తిరిగివచ్చారన్న సంగతి ప్రసంగాల్లో పెద్దగా వినిపించదు. నా మట్టుకు నాకు ఆయన జీవితంలో మన ఇళ్ళకు బాగా దగ్గరగా వచ్చే భాగం అదే.

లూయీగారు 1823 ఆగస్టు 22న ఫ్రాన్సు దేశంలోని బోర్దోలో జన్మించారు. తండ్రి సైన్యంలో అధికారి. కొడుకు గడియారాల పని నేర్చుకున్నాడు. ఇరవై రెండేళ్ళ ప్రాయంలో ఆల్ప్స్ కొండల మీద, మంచులో చిక్కుకున్న బాటసారులను ఆదుకునే పునీత బెర్నార్డు మఠంలో చేరాలని వెళితే, లాటిన్ రాదని తిప్పి పంపారు. తరువాత ఆలాన్సోన్ పట్టణంలో గడియారాల దుకాణం పెట్టుకున్నారు. ఆదివారం ఎంత బేరం పోయినా దుకాణం తెరిచేవారు కాదు. ఏటి ఒడ్డున గాలం వేసుకొని కూర్చోవడం ఆయనకు ఇష్టం. 1858 జూలైలో లేసు పని చేయించే జేలీ గెరాన్ గారిని వివాహమాడారు. తొమ్మిదిమంది బిడ్డలు పుడితే నలుగురు చిన్నతనంలోనే పోయారు. మిగిలినవారు ఐదుగురూ ఆడపిల్లలే: మరీ, పౌలీన్, లెయోనీ, సెలీన్, తెరేజా.

మంచాన పడ్డవారికి సేవ చేయడం ఆ ఇంటికి కొత్త కాదు. జేలీగారి తండ్రి వృద్ధాప్యంలో వీరింటికే వచ్చి, 1868లో అక్కడే కన్నుమూశారు. మామగారు అల్లుడింట చివరి రోజులు గడపడమంటే మన పల్లెల్లో ఇప్పటికీ నలుగురూ నాలుగు మాటలంటారు! లూయీగారు అవేమీ పట్టించుకున్నట్టు కనబడదు. ఆ తరువాత జేలీగారికి రొమ్ము క్యాన్సరు వచ్చింది. 1877 ఆగస్టు 28న ఆమె మరణించే నాటికి తెరేజాకు ఇంకా ఐదేళ్ళు నిండలేదు. పిల్లలకు మేనమామ దగ్గర ఉంటే మేలని, లూయీగారు కట్టుకున్న ఊరు వదిలి లిసియు పట్టణానికి మారారు. ఆ మేనమామ ఇసిదోర్ గెరాన్ గారు అక్కడ మందుల దుకాణం నడిపేవారు.

1887 మే 1న లూయీగారికి మొదటిసారి పక్షవాతం వచ్చింది. తేరుకున్నారు. ఆ ఏడు చివరలోనే సెలీన్‌ను, తెరేజాను వెంటబెట్టుకొని రోము యాత్ర కూడా చేశారు. పౌలీన్, మరీ అప్పటికే కార్మెల్ మఠంలో ఉన్నారు. 1888 ఏప్రిల్‌లో తెరేజా కూడా వెళ్ళింది. ఇంట్లో మిగిలింది లెయోనీ, సెలీన్. సెలీన్‌కు అప్పుడు పందొమ్మిదేళ్ళు.

ఆ జూన్ 23న తండ్రి చెప్పకుండా ఇల్లు విడిచి వెళ్ళిపోయారు. నాలుగు రోజులు జాడ లేదు. చివరకు సముద్రతీరాన లె హావ్ర్ పట్టణంలో దొరికారు. సెలీన్ మేనమామతో వెతకబోయిన ఆ రోజుల్లోనే ఇక్కడ పక్కింటికి నిప్పంటుకుంది, ఇంట్లో లెయోనీ ఉంది. ఆపైన నెలల తరబడి ఒకనాడు బాగుండటం, మరునాడు మనుషులను పోల్చుకోలేకపోవడం. ముసలివారిని కనిపెట్టుకొని ఉన్నవారికి ఈ వరుస తెలుసు. రాత్రి తలుపు చప్పుడైతే చాలు, లేచి కూర్చుంటారు. 1889 ఫిబ్రవరిలో ఆయనకు యుద్ధం జరుగుతున్నట్టు, శత్రువులు ఇంటి మీద పడుతున్నట్టు తోచింది. కూతుళ్ళను కాపాడాలని రివాల్వరు చేతబట్టారు. మేనమామ ఇక ఆగలేదు. ఫిబ్రవరి 12న ఆయనను కాన్ పట్టణంలో మఠకన్యలు నడిపే బోన్ సోవేర్ మానసిక వైద్యశాలలో చేర్చారు.

ఊరు ఊరుకుంటుందా? కూతుళ్ళు ఒక్కొక్కరే మఠంలో చేరడం వల్లనే, అందులోనూ ముద్దుల చిన్నకూతురు వెళ్ళిపోవడం వల్లనే ఆయనకు మతి పోయిందని లిసియులో చెప్పుకున్నారు. ఆ మాటలు కార్మెల్ గోడలు దాటి లోపలికీ వెళ్ళాయి.

ఇక్కడ కాస్త ఆగి మన వైపు చూడాలి. నల్లగొండలో మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయిన బిడ్డలను తల్లులు ముప్పై, నలభై ఏళ్ళు ఎత్తుకొని మోసిన ఇళ్ళున్నాయి. పాలమూరులో పడుచువాళ్ళు పనులకు దేశాలు పట్టిపోతే మంచంలోని అవ్వను, తాతను చూసే భారం ఇంట్లో మిగిలిన ఒక్క మనిషి మీద పడుతుంది. చాలాసార్లు ఆ మనిషి కోడలే. రెండు రోజులు పుట్టింటికి పోయి వస్తానంటే ముసలాయనను ఎవరికి వదిలేసి పోతావని అడుగుతారే గాని, నేను చూస్తాను పోయి రా అనేవారు అరుదు. 1999లో మన పార్లమెంటు చేసిన నేషనల్ ట్రస్టు చట్టంలో, మానసిక వైకల్యం, సెరెబ్రల్ పాల్సీ వంటివి ఉన్నవారిని కొద్దికాలం వేరొకరు చూసుకొని ఇంటివారికి ఊపిరి సలపనిచ్చే ఏర్పాటు గురించి రాశారు. అంటే అలసట కూడా ఒక అవసరమేనని చట్టం ఒప్పుకుంది. మన ఇరుగుపొరుగు ఇంకా ఒప్పుకోవలసి ఉంది.

సెలీన్, లెయోనీ ఏం చేశారంటే, తండ్రి వెనుకే కాన్ వెళ్ళి మఠకన్యల దగ్గర బస చేశారు. తండ్రిని చూడనిచ్చింది వారానికి ఒక్కసారే. అయినా రోజూ ఆసుపత్రి వాకిటికి వెళ్ళి ఆయన ఎలా ఉన్నారో కనుక్కొని వచ్చేవారు. మే నెల దాకా అలా గడిపి, ఇక లాభం లేదని లిసియుకు మేనమామ ఇంటికి చేరారు. అక్కడి నుంచి రైలులో వచ్చి పోతుండేవారు. జూన్‌లో ఆస్తి వ్యవహారాలు వదులుకుంటున్నట్టు కాగితాల మీద తండ్రి చేత సంతకం పెట్టించారు. తెలివి తేటగా ఉన్న ఘడియలు ఆయనకు అప్పుడప్పుడూ ఉండేవి. తనను ఎక్కడ ఉంచారో, ఎందుకు ఉంచారో ఆయనకు తెలిసేది. ఆ సంతకం నాడు ఆయన ఏడ్చారు. ఆసుపత్రిని కీర్తించడానికి నేనిది రాయడం లేదు. ఆ కాలపు పిచ్చాసుపత్రి మనం కోరుకునే చోటు కాదు.

అయితే ఆ మూడేళ్ళలో మేనమామ, మేనత్త ఈ ఆడపిల్లలను గదిలో ఏడుస్తూ కూర్చోనివ్వలేదు. 1889లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు తీసుకువెళ్ళారు. మరుసటి ఏడు లూర్దు యాత్రకు తీసుకువెళ్ళారు. తండ్రి ఆసుపత్రిలో ఉంటే కూతుళ్ళు యాత్రలా అని మనవాళ్ళయితే ముక్కున వేలేసుకుంటారు. ఆ ప్రయాణాలు లేకపోతే తరువాతి రెండేళ్ళు సెలీన్ మోయగలిగేదా అని నాకు అనుమానం.

1892 మే 10న మేనమామ వెళ్ళి లూయీగారిని తీసుకువచ్చారు. కాళ్ళు పడిపోయాయి గనుక ఇక పారిపోతారన్న భయం లేదు. రెండు రోజులకు కార్మెల్ మఠానికి తీసుకుపోతే, ముగ్గురు కూతుళ్ళనూ చూసి, మాట పెగలక, కలుద్దామన్నట్టు వేలు పైకి చూపారు. ఆ ముగ్గురూ ఆయనను చూడటం అదే ఆఖరు. మేనమామ ఇంటి దగ్గరలోనే ఒక ఇల్లు అద్దెకు తీసుకొని, ఎత్తడానికి దించడానికి పనివారిని పెట్టుకొని, సెలీన్ తండ్రిని చూసుకుంది. 1893 జూన్‌లో లెయోనీ మఠంలో చేరింది. ఇక మిగిలింది సెలీన్ ఒక్కతే. కెనడాలో ఉన్న పిషోన్ గురువులు తనను అక్కడికి రమ్మంటున్న సంగతి కూడా తెరేజాకు చెప్పకుండా మనసులోనే దాచుకుంది. ఎండాకాలంలో మేనమామవాళ్ళ లా మ్యూస్ బంగళాలో, చెట్లకింద చక్రాల కుర్చీలో తండ్రిని కూర్చోబెట్టేవారు.

1894 జూలై 29న అక్కడే, సెలీన్ పక్కన ఉండగా లూయీగారు కన్నుమూశారు. సెప్టెంబరు 14న ఆమె లిసియు కార్మెల్ మఠంలో చేరింది. మూడేళ్ళయ్యేసరికి తెరేజాను క్షయ పట్టుకుంది. రోగుల గదిలో సహాయకురాలిగా చెల్లెలి మంచం దగ్గర ఉన్నది మళ్ళీ సెలీనే. ఈసారి పక్కన పౌలీన్, మరీ కూడా ఉన్నారు. 1897 సెప్టెంబరు 30 దాకా ఆ ముగ్గురూ వంతులవారీగా కూర్చున్నారు.