ఘంటసాల వేంకటేశ్వరరావు: మద్రాసు చేరుటకు పూర్వపు గానసభలు

ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1974 ఫిబ్రవరి 11వ తేదీన మద్రాసులో పరమపదించిరి. అప్పటికి ఆయన వయస్సు 51 సంవత్సరములు. చలనచిత్రగీతములు, గ్రామఫోను పలకలకెక్కిన పద్యములు, మరణానంతరము వెలువడిన భగవద్గీత ఆయన కంఠమును ఇంటింటికిని చేర్చినవి. ఆ కంఠము యంత్రమునకు పరిచితము కాకపూర్వము భజనమందిరములలో, కోవెల ముంగిళ్లలో, పెండ్లిపందిళ్లలో పదునెక్కినది. చలనచిత్రముల పట్టికకు తొందరపడువారు ఈ భాగమును త్వరగా దాటివేయుదురు. ఆయన పద్యపఠనరీతిని విచారించువారికి మాత్రము ఇదియే ముఖ్యము.

ఆయన 1922 డిసెంబరు 4వ తేదీన కృష్ణాజిల్లా గుడివాడ ప్రాంతమునందలి చౌటపల్లిలో జన్మించెను. తండ్రి సూరయ్యగారు భజనలు పాడుచు, మృదంగము వాయించుచు ఊరూర తిరిగెడివారు. తండ్రి భుజముపై సభలకు వెళ్లిన పసివాడు నారాయణతీర్థుల తరంగములకు నాట్యమాడి బాలభరతుడని పిలువబడెను. తరంగము సంస్కృతరచన, అయినను కూచిపూడి సీమయగు కృష్ణాతీరమున అది పండితుల సొత్తుగా నిలిచిపోలేదు. అక్షరములు రానివారును తలయూపి వినునట్టి పాట అది. అర్థము తెలియనివానికిని భావమందించు విద్యకు ఈ బాలునికి తొలిపాఠము అచ్చటనే లభించియుండవలెను.

పదునొకండవ యేట తండ్రి గతించెను. మేనమామ ర్యాలి పిచ్చిరామయ్యగారు కుటుంబమును చేరదీసిరి. ఆ దినములలోనే సమీపగ్రామమున జరిగిన సంగీతసభలో బాలుడు విద్వాంసులతో పోటీకి దిగి, ఓడి, నలుగురిలో నవ్వులపాలయ్యెను. నేర్చినదేమియు లేదు, వినికిడివలన వచ్చిన పాట మాత్రమే కలదు. ఆ పరాభవము ఆతనిని విడువలేదు. సంగీతము తెలిసినవారి యిండ్లలో బట్టలుదికియు, వంటచేసియు కొంతకాలము గడపెను. ఆ సేవకు దక్కిన విద్య స్వల్పము. చివరకు చేతి ఉంగరము అమ్మి, వచ్చిన సొమ్ముతో విజయనగరమునకు బయలుదేరెను.

అచ్చటి మహారాజావారి సంగీతకళాశాలకు అప్పుడు వేసవి సెలవులు. అధ్యక్షులు ద్వారం వేంకటస్వామినాయుడుగారు దయతో బస చూపిరి. తోడివిద్యార్థులు చేసిన తప్పు తలకు చుట్టుకొని ఆ నీడయు పోగా, ఎల్లమ్మగుడిలో తలదాచుకొనెను. తుదకు ఆశ్రయమిచ్చినవారు కళాశాలలో గాత్రము నేర్పుచుండిన పట్రాయని సీతారామశాస్త్రిగారు. సాలూరువారు, పేదవారు. విద్య ఉచితముగా చెప్పగలరుగాని అన్నము పెట్టగల స్థితి లేదు. అందుచే శిష్యుడు జోలె పట్టి మధూకరమునకు వెళ్లెను. వారములు చేసికొనుటయనగా వారమునందు దినమునకొక యింట భోజనము. మధూకరమట్లు కాదు. గడపగడపకును నిలిచి వండిన అన్నము సేకరింపవలెను. ఏ గడపయు ముందుగా మాట యిచ్చినది కాదు. జానెడు పొట్టకై పాటుపడుచునే ఆయన నాలుగేండ్ల చదువును రెండేండ్లలో ముగించెనని జీవితచరిత్రములు చెప్పుచున్నవి.

పిదప విజయనగరమున కొన్ని కచేరీలు చేసి పేరు తెచ్చుకొని, స్వగ్రామము చేరెను. ఉత్సవములలో, వివాహములలో పాడుట, పిల్లలకు పాఠములు చెప్పుట — ఇదే వృత్తి. పెండ్లిపందిరి శ్రోత కఠినుడు. ఒకవంక భోజనపంక్తులు, ఒకవంక బంధువుల పలుకరింపులు. అట్టిచోట దీర్ఘాలాపన నిలువదు. మాట స్పష్టముగా వినబడినగాని చెవి యిటు తిరుగదు. నాటకరంగమునందలి పద్యరాగమును కుదించి, పదమును విరువక, భావమునకు చాలినంత రాగమే వాడిన ఆయన పద్యశైలికి మూలము గురువుగారి శిక్షయనుట న్యాయమే. దానిలో పందిళ్లకును పాలు కలదని తోచుచున్నది.

1942లో క్విట్ ఇండియా ఉద్యమమున పాల్గొని చెరసాలకేగెను. 1944 మార్చి 4వ తేదీన సావిత్రిగారితో వివాహమయ్యెను. ఆ సాయంకాలము కచేరీకి వేరొక విద్వాంసుని పిలువలేదు. పెండ్లికొమారుడే కూర్చుండి పాడి చుట్టములను విస్మితులను చేసెను.

అనంతరము సముద్రాల రాఘవాచార్యులుగారు ఆయన పాట విని మద్రాసునకు రమ్మనిరి. రైలుఖర్చునకైనను చేతిలో సొమ్ము లేదు. రెండు నెలలు ఊరూర కచేరీలు చేసి, చాలనిదానికి అప్పుచేసి వెళ్లెను. రాఘవాచార్యులుగారిది ఇరుకు ఇల్లు. వారిని ఇబ్బందిపెట్టనొల్లక కొన్నాళ్లు పానగల్ పార్కులో నిద్రించెను. రేడియోలో పాటలు, చిత్రములలో బృందగానములు, చిన్న వేషములు లభించినవి. 1945లో స్వర్గసీమ చిత్రమున భానుమతిగారితో పాడెను. 1949లో కీలుగుఱ్ఱము, మనదేశము చిత్రములకు సంగీతదర్శకత్వము వహించెను. 1951 నాటి పాతాళభైరవితో ఆయన పేరు తెలుగునాట మారుమ్రోగెను.

సీతారామశాస్త్రిగారి కుమారులు పట్రాయని సంగీతరావుగారు తరువాత మద్రాసు చేరి, ఘంటసాలవారికి సహాయకులై, దశాబ్దములు ఆయన ప్రక్కన హార్మోనియము వాయించిరి.