పాఠం 9: ఎం.జి. కార్ల సృష్టికర్త సెసిల్ కింబర్

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
- సెసిల్ కింబర్ జీవితంలోని ముఖ్య ఘట్టాలను వరుసగా చెప్పగలుగుతారు.
- మామూలు కారు భాగాలతో ఆయన స్పోర్ట్స్ కారును ఎలా తయారుచేశాడో వివరించగలుగుతారు.
- కార్ఖానా మూతపడినా ఆ పాత కార్లు నేటికీ నడవడానికి కారణాలు రాయగలుగుతారు.

9.1 పరిచయం

సూరత్ జిల్లాలోని పల్సానా ముంబయి - అహ్మదాబాద్ జాతీయ రహదారి మీద ఉంది. చుట్టుపక్కల బట్టల మిల్లులు చాలా ఉన్నాయి. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి బతుకుతెరువు కోసం సూరత్ ప్రాంతానికి వచ్చి స్థిరపడిన తెలుగు నేతపనివారు ఎందరో ఉన్నారు. యంత్రాల మధ్య పనిచేసేవారికి ఒక విషయం బాగా తెలుసు. యంత్రాన్ని కొనడం ఒక ఎత్తు, దాన్ని ఏళ్ల తరబడి నడుస్తూ ఉంచడం మరో ఎత్తు.

అదే రహదారి మీద ఉత్తరంగా వడోదర వెళ్లి, అక్కడి నుంచి తూర్పుగా మళ్లితే హలోల్ వస్తుంది. హలోల్‌లో 2019 నుంచి ఎం.జి. పేరుతో కార్లు తయారవుతున్నాయి. ఈ పేరు సుమారు నూరేళ్ల కిందట ఇంగ్లండులో పుట్టింది. దానికి ప్రపంచమంతటా పేరు తెచ్చిన మనిషి సెసిల్ కింబర్. ఆయన జీవితాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం.

9.2 తొలి జీవితం

సెసిల్ కింబర్ 1888 ఏప్రిల్ 12న లండన్‌లో జన్మించాడు. తర్వాత ఆయన కుటుంబం మాంచెస్టర్ ప్రాంతానికి మారింది. తండ్రి అచ్చు పనికి సంబంధించిన వ్యాపారం చేసేవాడు. సెసిల్‌కు మాత్రం మోటారు సైకిళ్లంటే ప్రాణం. యౌవనంలో జరిగిన ఒక ప్రమాదంలో ఆయన కుడికాలు బాగా దెబ్బతింది. ఎన్ని ఆపరేషన్లు చేసినా ఆ కాలు పొట్టిగానే మిగిలింది. ఆ తర్వాత ఆయన జీవితాంతం కుంటుతూనే నడిచాడు.

ప్రమాదానికి నష్టపరిహారంగా కొంత డబ్బు వచ్చింది. దానితో ఆయన ఒక చిన్న సింగర్ కారు కొన్నాడు. ఆ డబ్బు తన వ్యాపారంలో పెట్టమని తండ్రి అడిగాడు. కొడుకు ఒప్పుకోలేదు. తండ్రీకొడుకుల మధ్య మాటలు ఆగిపోయాయి.

1915లో ఆయనకు ఐరీన్‌తో వివాహమైంది. ఆయన అనేక మోటారు కంపెనీల్లో పనిచేశాడు. బర్మింగ్‌హామ్‌లోని ఒక విడిభాగాల కంపెనీలో దాచుకున్న డబ్బంతా పెట్టి నష్టపోయాడు. చివరకు 1921లో ఆక్స్‌ఫర్డ్ నగరంలోని మోరిస్ గ్యారేజెస్ సంస్థలో అమ్మకాల మేనేజరుగా చేరాడు. మరుసటి సంవత్సరమే ఆ సంస్థ బాధ్యతంతా ఆయన చేతికి వచ్చింది.

ఆ సంస్థ యజమాని విలియం మోరిస్. మోరిస్ కార్లు మనకు కొత్త కాదు. 2014 వరకు మన దేశంలో తయారైన అంబాసిడర్ కారుకు మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే మోడలే.

9.3 మామూలు కారు నుంచి స్పోర్ట్స్ కారు

స్పోర్ట్స్ కారు అంటే సాధారణంగా ఇద్దరు కూర్చునే తేలికైన కారు. అది నేలకు దగ్గరగా ఉంటుంది, మలుపుల్లో అదుపులో ఉంటుంది. ఆ రోజుల్లో అలాంటి కార్లు ధనవంతులకే అందుబాటులో ఉండేవి. ధర తగ్గించాలంటే ఏం చేయాలని కింబర్ ఆలోచించాడు. మోరిస్ కారు ఛాసిస్‌నే తీసుకుని, స్ప్రింగులు సవరించి, దానిపై అందమైన తేలికపాటి బాడీ కట్టించాడు. మోరిస్ గ్యారేజెస్ అనే పేరులోని తొలి అక్షరాలే ఎం.జి. అయ్యాయి. ఎనిమిది మూలల గడిలో ఆ అక్షరాలు రాయడం కంపెనీ గుర్తుగా మారింది.

1925లో ఆయన పోటీ కోసం ఒక ప్రత్యేక కారు కట్టించాడు. దాన్ని స్వయంగా నడిపి, కొండదారుల మీద సాగే ల్యాండ్స్ ఎండ్ పరీక్షలో బంగారు పతకం గెలుచుకున్నాడు. తర్వాత ఆ కారును అమ్మివేశాడు. కొన్నేళ్లకు అది తుక్కు సామానులో కనిపిస్తే, కంపెనీ తిరిగి కొని బాగుచేసింది. ఆ కారు నేడు ఇంగ్లండులోని ఒక మోటారు మ్యూజియంలో భద్రంగా ఉంది.

1928లో ఎం.జి. మిడ్జెట్ అనే చిన్న కారు వచ్చింది. దాని ఇంజను 847 సి.సి. మాత్రమే. ధర 175 పౌన్లు. చెక్క చట్రానికి గుడ్డ తొడిగి బాడీ తయారుచేశారు. గుమస్తాలు, చిన్న ఉద్యోగులు కూడా స్పోర్ట్స్ కారు కొనాలని అనుకోవడం ఈ కారుతోనే మొదలైంది. 1929లో కార్ఖానా ఆక్స్‌ఫర్డ్ దగ్గరి అబింగ్‌డన్ ఊరికి మారింది.

ఆ తర్వాత వరుసగా విజయాలు వచ్చాయి. 1931లో జార్జ్ ఐస్టన్ అనే డ్రైవరు 750 సి.సి. తరగతి ఎం.జి. కారును గంటకు 100 మైళ్ల పైన నడిపాడు. అంత చిన్న ఇంజనుతో ఆ వేగం అందుకోవడం అదే మొదటిసారి. 1933లో ఇటలీలో జరిగిన వెయ్యి మైళ్ల పందెంలో ఎం.జి. జట్టు తన తరగతిలో గెలిచింది.

పాఠంలోని ప్రశ్నలు
1. ఎం.జి. అనే పేరు ఎలా వచ్చింది?
2. ఖాళీ పూరించండి: 1928 నాటి మిడ్జెట్ కారు ఇంజను ............ సి.సి.
3. కింబర్ కారు ధరను ఎలా తగ్గించగలిగాడు?

9.4 యజమానుల సంఘం

1930లో కొందరు ఎం.జి. యజమానులు కలిసి ఎం.జి. కార్ క్లబ్ పెట్టుకున్నారు. దానికి మొదటి కార్యదర్శి జాన్ థార్న్‌లీ అనే యువ అకౌంటెంటు. ఆయన కార్ఖానాకు వెళ్లి కింబర్‌ను కలిశాడు, అక్కడే ఉద్యోగంలో చేరాడు. 1952లో ఆ కార్ఖానాకే జనరల్ మేనేజరు అయ్యాడు. కొన్నవారిని కింబర్ దూరంగా ఉంచలేదనడానికి ఇది మంచి ఉదాహరణ.

9.5 చేజారిన కార్ఖానా

కింబర్ ఎం.జి.ని పెంచాడు గాని, దానికి యజమాని కాలేదు. 1935లో విలియం మోరిస్ ఎం.జి.ని తన పెద్ద కంపెనీలో కలిపాడు. పందేల విభాగాన్ని మూసేశారు. నిర్ణయాలన్నీ పై ఆఫీసు నుంచి రావడం మొదలైంది. 1938లో భార్య ఐరీన్ చనిపోయింది.

రెండవ ప్రపంచ యుద్ధం రావడంతో కార్ల తయారీ ఆగిపోయింది. పనివారు ఖాళీగా ఉండకూడదని కింబర్ యుద్ధవిమానం ముందు భాగం తయారుచేసే పని సంపాదించాడు. పై ఆఫీసు అనుమతి లేకుండా ఈ పని ఒప్పుకున్నాడని, 1941లో ఆయనను రాజీనామా చేయమన్నారు. ఇరవై సంవత్సరాల శ్రమ ఆ విధంగా ముగిసింది. తర్వాత ఆయన వేరే కంపెనీల్లో పనిచేశాడు.

1945 ఫిబ్రవరి 4 సాయంత్రం ఆయన లండన్‌లోని కింగ్స్ క్రాస్ స్టేషనులో రైలెక్కాడు. రైలు సొరంగంలో ఎత్తు ఎక్కలేక చక్రాలు జారి వెనక్కి దొర్లింది. వెనుక పెట్టె పట్టాలు తప్పింది. ఆ ప్రమాదంలో ఇద్దరు మరణించారు. వారిలో కింబర్ ఒకడు. అప్పటికి ఆయన వయస్సు 56 సంవత్సరాలు.

9.6 కింబర్ తర్వాత

అదే సంవత్సరం చివర ఎం.జి. టి.సి. అనే కారు వచ్చింది. 1949 వరకు అలాంటివి పది వేలు తయారయ్యాయి. వాటిలో చాలా కార్లు విదేశాలకు వెళ్లాయి. 1962 నుంచి 1980 వరకు వచ్చిన ఎం.జి.బి. కార్లు అయిదు లక్షలు దాటాయి. అయినా కంపెనీ నష్టాల పేరుతో 1980 అక్టోబరులో అబింగ్‌డన్ కార్ఖానాను మూసేశారు. యజమానుల సంఘాలు ఎంత పోరాడినా ఫలితం లేకపోయింది.

కార్ఖానా మూతపడితే కార్లు తుక్కుగా మారాలి. కాని అలా జరగలేదు. దీనికి మూడు కారణాలున్నాయి.

మొదటిది, కారు నిర్మాణం. ఇంజను, కార్బురేటరు, బ్రేకులు అన్నీ మామూలు పానాలతో విప్పి బిగించుకునే రకం. మిడ్జెట్ మోరిస్ మైనర్ భాగాలతో తయారైనట్లే, తర్వాతి మోడళ్లు కూడా మామూలు కార్ల భాగాలతోనే తయారయ్యాయి. 1955 నాటి ఎం.జి.ఎ. ఇంజను, మన పాత అంబాసిడర్ 1,489 సి.సి. ఇంజను ఒకే కుటుంబానికి చెందినవి. పాత అంబాసిడర్ బాగుచేసిన మేస్త్రీ ఆ ఇంజనును చూసి తడబడడు.

రెండవది, పంచుకున్న అనుభవం. టి.సి. ఇంజనులో ఒక చిక్కు ఉంది. బోల్టుల మరలు ఫ్రెంచి మెట్రిక్ కొలతలో ఉంటాయి, తలలు మాత్రం ఇంగ్లీషు విట్‌వర్త్ పానాలకు సరిపోతాయి. తెలియక బయట కొన్న బోల్టు బలవంతంగా బిగిస్తే మర చెడిపోతుంది. ఇలాంటి సంగతులు పాత యజమాని కొత్త యజమానికి చెప్పాలి. సంఘాలు తమ పత్రికల ద్వారా, సమావేశాల ద్వారా ఆ పని చేశాయి.

మూడవది, విడిభాగాలు. అడిగేవారు ఉన్నారు కాబట్టి చేసేవారూ వచ్చారు. 1988లో పాత అచ్చులతోనే ఎం.జి.బి. బాడీలను మళ్లీ తయారుచేయడం మొదలైంది. తుప్పు పట్టిన కారుకు కొత్త ఒళ్లు దొరికింది.

అయితే పాత కారు ఉంచుకోవడం తేలిక కాదు. తరచుగా గ్రీజు పెట్టాలి, నూనె మార్చాలి, చెక్క చట్రం పుచ్చకుండా, ఇనుము తుప్పు పట్టకుండా చూడాలి. డబ్బుతో పాటు ఓపిక కూడా కావాలి.

మీరు ఏం నేర్చుకున్నారు

కింబర్ యజమాని కాకపోయినా ఒక కారును సృష్టించాడు. కార్ఖానా ఆయనను పంపించివేసింది, తర్వాత అదీ మూతపడింది. ఆయన కార్లను మాత్రం కొన్నవారే కాపాడారు. నలుగురు బాగుచేయగలిగేలా తయారైన వస్తువు, నలుగురూ పంచుకున్న పనితనం చాలాకాలం నిలుస్తాయి.

పదాలు - అర్థాలు
ఛాసిస్: చక్రాలు, ఇంజను అమర్చే అడుగు చట్రం
కార్బురేటరు: పెట్రోలును, గాలిని కలిపి ఇంజనుకు పంపే భాగం
మర: బోల్టు మీది మెలి గాడి
పానా: నట్టు, బోల్టు బిగించే పనిముట్టు

పాఠాంత ప్రశ్నలు
1. కింబర్ ఎదుర్కొన్న కష్టాలను సొంత మాటల్లో రాయండి.
2. ఎం.జి. పాత కార్లు నేటికీ నడవడానికి మూడు కారణాలు రాయండి.
3. మీరు పనిచేసే చోట ఉన్న ఒక పాత యంత్రాన్ని ఎవరు, ఎలా కాపాడుతున్నారో తెలుసుకుని పది వాక్యాలు రాయండి.

పాఠంలోని ప్రశ్నలకు జవాబులు
1. మోరిస్ గ్యారేజెస్ అనే పేరులోని తొలి అక్షరాల నుంచి. 2. 847. 3. మామూలు మోరిస్ కారు ఛాసిస్‌ను, భాగాలను వాడుకుని.