రాళ్ళు చదివిన కింగ్ దొర

ఈసారి గోడపత్రికలో మహనీయుల శీర్షిక నేను రాస్తున్నాను.

మాది ఏజెన్సీ. మా కొండల్లో ఎటు చూసినా రాయే. కోనసీమలో నుయ్యి తవ్వినా మట్టీ, ఇసకే గాని రాయి తగలదు. మరి ఇక్కడ రాయి ఏమైపోయిందని సైన్సు మాష్టారిని అడిగితే విలియం కింగ్ గారి గురించి చెప్పేరు.

ఆయన తండ్రి పేరు కూడా విలియం కింగే. ఐర్లండులో గాల్వే కాలేజీలో ప్రొఫెసరు. నియాండర్తల్ మానవుడికి 1864లో శాస్త్రీయ నామం పెట్టింది ఆ తండ్రిగారే. కొడుకు 1857లో భారత భూగర్భ సర్వేలో చేరి మన దక్షిణాదికి వచ్చేరు.

అప్పటికి గోదావరి అడవులకి పూర్తి రాళ్ళ పటం లేదు. చెట్లూ, మన్నూ కప్పేసిన చోట కింద ఏముందో ఎలా తెలుస్తుంది? వాగు కోసిన ఒడ్డున పొరలు బయటపడతాయి. సుత్తితో ముక్క కొట్టి చూడాలి. పొర ఎటు వాలిందో కొలవాలి. అదే పొర ఇంకో వాగు దగ్గర మళ్ళీ కనబడితే మధ్యలో అడవి కింద కూడా ఉండొచ్చని పటంలో రంగు వేస్తారు.

1871లో ఆయన ఇల్లెందు దగ్గర బొగ్గు గుర్తించేరు. భద్రాచలం యాత్రికులు పొయ్యికి పెట్టుకున్న నల్లరాళ్ళు అంటుకుని మండేయనీ, అలా ముందే బయటపడిందనీ కూడా చెప్పుకుంటారు. 1889లో తవ్వకం మొదలైంది. అదే సింగరేణి. అక్కడ ఒక బొగ్గు పొరని కింగ్ సీము అంటారు. బొగ్గున్న ఆ శిలలన్నిటికీ గోండ్వానా అని పేరు. అది గోండుల దేశం పేరు!

1880లో ఆయన గోదావరి జిల్లా కోస్తా రాళ్ళ మీద పుస్తకం రాసేరు. గొల్లపల్లి, రాఘవాపురం, తిరుపతి అని పొరలకి ఊళ్ళ పేర్లే పెట్టేరు. ఈ తిరుపతి మన ద్వారకా తిరుమలే. రాజమండ్రి పక్క కాతేరులో నల్లరాయి పొరల మధ్య నత్తగుల్లల గురించీ రాసేరు. ఆ నల్లరాయి సముద్రం వైపు వాలి, కోనసీమ కింద చాలా లోతున ఉంది. గ్యాసు కోసం బావులు తవ్వినప్పుడు తగిలితే దానికి రాజోలు ఫార్మేషన్ అని పేరొచ్చింది. అంటే ఇక్కడా రాయి ఉంది, గోదావరి తెచ్చిన ఒండ్రు కింద దాగుంది.

కింగ్ గారు 1887 నుంచి 1894 దాకా సర్వేకి డైరెక్టరుగా చేసి, 1900లో చనిపోయేరు.

మిత్రులారా! ఆ పటాలు దొరల ప్రభుత్వం కోసం గీసినవి. రైళ్ళకి బొగ్గు కావాలి, అందుకు గీయించేరు. బొగ్గు సీముకి దొర పేరొచ్చింది గాని, అడవిలో దారి తెలిసినవాళ్ళ పేరు రాలేదు. ఇప్పుడు 1996 నాటి పీసా చట్టం ప్రకారం ఏజెన్సీలో చిన్న తరహా ఖనిజాల లీజుకి గ్రామసభ గాని పంచాయతీ గాని ముందు సిఫారసు చెయ్యాలి. సభలో పటం పరిచి ఇక్కడ సంతకం పెట్టమంటే, ఆ రంగు ఏ రాయిదో, ఆ గీత ఎవరి పోడు మీదుగా పోతోందో చెప్పగలిగినవాడు మనలో ఒక్కడైనా ఉండాలి కదా. వాగులు మనకి తెలుసు. పటం చదవడం ఒక్కటే నేర్చుకోవాలి.