గుహాజీవశాస్త్ర పితామహుడు ఎమిల్ రకోవిట్సా

గుహను ఉర్దూలో గార్ అంటారు. తెలుగులో గుహ, బిలం, కందరం అని పర్యాయపదాలకు కొదువ లేదు. నంద్యాల జిల్లాలోని బెలుం గుహలనో, అరకు మార్గంలోని బొర్రా గుహలనో చూచి వచ్చిన విద్యార్థులు మన కళాశాలలో ఎందరో ఉన్నారు. వారిని అడిగితే రాతి స్తంభాల సొగసును గురించి, రంగు దీపాలను గురించి, లోపలి ఉక్కపోతను గురించి చెప్పుతారు. అక్కడ ప్రాణమున్న వస్తువు ఏదైనా కనబడినదా అని అడిగితే మాత్రం గబ్బిలాలు అని ఊరుకుంటారు. గుహ అనగానే మనకు తపస్సు చేసుకొనే మునియో, ఆలీబాబా కథలోని నిధియో స్ఫురించడం సహజమే. నిధుల జోలికి పోక, రాళ్ల కిందా నీటి మడుగులలో కళ్లు లేని పురుగులను వెదకడానికి సగం జీవితాన్ని ధారపోసిన ఒక మహనీయుని చరిత్రను ఈ సంచికలో మన విద్యార్థుల ముందు ఉంచదలచినాము.

ఎమిల్ రకోవిట్సా 1868 నవంబరు 15వ తేదీన రుమేనియా దేశంలోని యాష్ నగరంలో ఒక సంపన్న కుటుంబంలో జన్మించారు. ప్రాథమిక పాఠశాలలో ఆయనకు అక్షరాలు నేర్పిన ఉపాధ్యాయుడు సామాన్యుడు కాడు. రుమేనియా సాహిత్యంలో కథకుడుగా శాశ్వత కీర్తి గడించిన ఇయోన్ క్రియాంగా. పిదప ఉన్నత పాఠశాలలో కొబెల్చెస్కు అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆయనకు రాళ్లను, శిలాజాలను పరిచయం చేశారు. ఒకరు కథ చెప్పడమెలాగో, మరొకరు రాయిని చదవడమెలాగో చూపినారు. ఈ రెండు విద్యలూ ఆయనకు తరువాత అక్కరకు వచ్చినవి.

తండ్రి న్యాయవేత్త. కుమారుడు కూడా నల్లకోటు ధరించాలని ఆయన కోరిక. తండ్రి మాట జవదాటని కుమారుడు పారిస్ వెళ్లి 1889లో న్యాయశాస్త్ర పట్టం పుచ్చుకొన్నాడు. ఆ పట్టాను ఒక్కనాడైనా ఉపయోగించలేదు. తండ్రి ముచ్చట తీర్చిన తరువాత సోర్బాన్ విశ్వవిద్యాలయంలో ప్రకృతి శాస్త్రాలలో చేరి, సముద్ర జంతుశాస్త్రంలో దిట్ట అయిన లాకాజ్ ద్యుతియే వద్ద శుశ్రూష చేశారు. 1896లో సముద్రపు పురుగుల శిరోభాగాన్ని గురించి వ్రాసిన సిద్ధాంత గ్రంథానికి డాక్టరేటు లభించినది. ఇంటివారి కోరికకూ తమ మనసుకూ మధ్య నలుగుతున్న విద్యార్థులు మా వద్దకు తరచు వస్తుంటారు. ఈ ఉదాహరణ వారికి ఎంతవరకు పనికివచ్చునో చెప్పలేము. రకోవిట్సా ఇంట్లో రెండు చదువులకు సరిపడా ధనమున్నది.

1897 ఆగస్టులో ‘బెల్జికా’ అనే ఓడ అంట్‌వెర్ప్ రేవు నుండి దక్షిణ ధ్రువ ప్రాంతానికి బయలుదేరినది. నాయకుడు ఆద్రియెన్ ద జెర్లాష్. తరువాతి కాలంలో దక్షిణ ధ్రువాన్ని మొట్టమొదట చేరిన అముండ్సెన్ ఆ ఓడలో ఒక ఉద్యోగి. జీవశాస్త్రజ్ఞుడుగా రకోవిట్సా వెళ్లినారు. 1898 మార్చి నాటికి ఓడ మంచులో చిక్కుకొని ఏడాదికి పైగా కదలలేదు. దక్షిణ ధ్రువ సముద్రంలో శీతకాలమంతా గడిపిన మొదటి యాత్ర అదే. రెండు నెలలకు పైగా సూర్యుడు ఉదయించలేదు. రక్తం చెడి, చిగుళ్లు వాచి మనుషులు మంచం పట్టినారు. ఒక నావికుడు అంతకుముందే సముద్రంలో పడి మరణించగా, ఆ చీకటి కాలంలో డాంకో అనే అధికారి గుండె జబ్బుతో కన్నుమూసినాడు. వైద్యుడు ఫ్రెడరిక్ కుక్ పట్టుబట్టి అందరిచేత పెంగ్విన్, సీలు మాంసం తినిపించడం వలన మిగిలినవారు బ్రతికి బయటపడ్డారు. చివరకు రంపాలతో మంచును కోసి కాలువ త్రవ్వి, 1899 మార్చిలో ఓడను విడిపించుకొన్నారు.

అంతటి దుర్దశలో కూడా మన శాస్త్రజ్ఞుడు తోటివారి వ్యంగ్య చిత్రాలు గీసి నవ్వించేవాడట. తిమింగలాలను, సీళ్లను, పెంగ్విన్లను ఓపికగా పరిశీలించి, తీరంలో దిగినప్పుడల్లా నాచుపొరలను ఎత్తి చూచి నమూనాలు పోగుచేశారు. ఆ యాత్రలో దొరికిన వాటిలో రెక్కలు లేని చిన్న ఈగ ఒకటి ఉన్నది. పొడవు కొద్ది మిల్లీమీటర్లే. దానికి ఓడ పేరు మీద ‘బెల్జికా అంటార్క్‌టికా’ అని నామకరణం జరిగినది. పూర్తిగా నేల మీదనే జీవిస్తూ ఆ ఖండానికే స్వంతమైన జంతువులలో ఆ ఈగకు మించిన పెద్దది లేదు. పెంగ్విన్లు, సీళ్లు సముద్రం మీద ఆధారపడినవి గనుక ఈ లెక్కలోకి రావు.

1900లో ఆయన ఫ్రాన్సు దక్షిణ తీరంలోని బాన్యూల్స్ సముద్ర పరిశోధనాలయానికి ఉప సంచాలకులైనారు. పదవి ఉన్నది, పేరున్నది, సముద్రం ఎదుటనే ఉన్నది. ఆ దారిలోనే సాగి ఉంటే సముద్ర జీవశాస్త్రజ్ఞుడుగానే ఆయన చరిత్ర ముగిసేది. 1904 జూలై 16న మయోర్కా ద్వీపంలోని ద్రాక్ గుహలను చూడడానికి వెళ్లినారు. లోపల భూగర్భ సరస్సు ఉన్నది. దానిలో తెల్లగా, కళ్లు లేని చిన్న ప్రాణి ఒకటి ఆయన కంటబడినది. రొయ్యలకు, పీతలకు దూరపు బంధువులైన ఐసోపాడ్ల తెగకు చెందినది. దాని దగ్గరి చుట్టాలన్నీ సముద్రంలో ఉన్నవి. సముద్రపు ప్రాణి కొండ లోపలి చీకటికి ఎప్పుడు, ఏ దారిన, ఎందుకు వచ్చినది? ముప్పైయారవ ఏట ఈ ప్రశ్న ఆయనను పట్టుకొన్నది. మరుసటి సంవత్సరం ఆ జీవికి ‘టిఫ్లోసిరోలానా మొరాగ్వెసి’ అని పేరు పెట్టి వర్ణించారు. సముద్రాన్ని వదలి గుహల బాట పట్టినారు.

1907లో ఆయన గుహాజీవ సమస్యలను గురించి నూరు పేజీలకు మించిన వ్యాసం ప్రకటించారు. ఒక నూతన శాస్త్రం పుట్టిన రోజుగా దానిని పరిగణిస్తారు. విశేషమేమంటే అందులో జవాబులకన్నా ప్రశ్నలు ఎక్కువ. చీకటి, చెమ్మ, మారని ఉష్ణోగ్రత, కరువైన ఆహారం – వీటిలో ఏది ఆ జీవులను తీర్చిదిద్దినదో ముందుగా తేల్చాలన్నారు. యాదృచ్ఛికంగా గుహలోకి వచ్చేవి, గుహలోనూ బయటా జీవించగలిగేవి, గుహ విడిచి బ్రతకలేనివి అని అంతకుముందు షినర్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు చేసిన వర్గీకరణను సరిదిద్ది స్థిరపరచినారు. నేటికీ పాఠ్యగ్రంథాలలో ఇద్దరి పేర్లూ కలిపి చెప్పుతారు.

మాకు మిక్కిలి విలువైనదిగా తోచిన అంశం మరొకటి. గుహ అనేది మనిషి కొలత అని ఆయన గ్రహించారు. మనిషి దూరగలిగినంత వెడల్పున్న సందును మనం గుహ అంటాము. మిల్లీమీటర్లలో కొలవదగిన పురుగుకు ఆ కొలతతో పని ఏమి? కొండంతా వ్యాపించిన సన్నని పగుళ్లే ఆ జీవుల నిజమైన నివాసం, గుహ వాటికి ఒక కిటికీ మాత్రమే. 1980లో ఫ్రాన్సులో జ్యుబెర్తీ, ఆయన సహచరులు కొండవాలుల మీద మట్టి పొర కింద, రాళ్ల మధ్య ఖాళీలలో గుహాజీవులు కాపురముంటున్నట్లు చూపినారు. రకోవిట్సా ఊహకు అది ఏడు దశాబ్దాల తరువాత దొరికిన గట్టి సాక్ష్యం. మన వైపు సంగతి కూడా ఒకటి ఉన్నది. 2011లో ఆంధ్రప్రదేశ్ భూగర్భ జలాల నుండి పరిశోధకులు ఒక కొత్త ఐసోపాడ్‌ను వెలికితీసి ‘ఆంధ్రకోయిడెస్’ అని పేరు పెట్టినారు. మన కాళ్ల కిందనే ఇంతకాలం ఉన్నది, ఎవరూ తొంగి చూడలేదు.

ఇక అడవి నేల మాట. ఆకులు రాలి కుళ్లిన పొరల కింద, నాచు కింద, లోతుగా పాతుకొన్న రాళ్ల అడుగున వెలుతురుకు భయపడి చెమ్మను ఆశ్రయించే క్రిమికీటకాలు అసంఖ్యాకం. గుహాజీవులలో చాలావాటి పూర్వీకులు అటువంటివేనని, చీకటికి ముందే అలవాటుపడిన వంశాలే లోపలికి దిగినవని ఆయన వాదించారు. గుహలో ప్రవేశించిన తరువాతనే కళ్లు పోయినవనే నాటి అభిప్రాయాన్ని ఈ వాదం కదిలించినది. వాడకం లేని అవయవం తరతరాలకు క్షీణిస్తుందనే లామార్కు భావం వైపు మాత్రం ఆయన మొగ్గు ఉండినది. నేటి జన్యుశాస్త్రం దానిని అంగీకరించదు. పెద్దల పొరపాటును దాచిపెట్టడం గౌరవం అనిపించుకోదు గనుక ఇక్కడ చెప్పినాము.

కీటక శాస్త్రజ్ఞుడు రెనే జన్నెల్‌తో కలిసి ఆయన ‘బయోస్పియోలాజికా’ అనే బృహత్ కార్యక్రమం ఆరంభించారు. పైరెనీసు కొండలు మొదలు అల్జీరియా వరకు గుహలలో దిగి, ప్రతి గుహకూ వివరం వ్రాసి, ప్రతి పురుగునూ సీసాలో ఉంచి, ఏ తెగ జీవిని ఆ తెగ తెలిసిన నిపుణునికి పంపడం వారి పద్ధతి. కాలక్రమాన వారు, వారి సహచరులు పరిశీలించిన గుహలు వెయ్యి దాటినవి. మోకాళ్ల మీద బురదలో పాకి, దీపం వెలుగులో వ్రాసుకొన్న లెక్కలవి.

మొదటి ప్రపంచ యుద్ధానంతరం ట్రాన్సిల్వేనియా రుమేనియాలో కలిసినది. క్లుజ్ నగరంలోని విశ్వవిద్యాలయానికి ఆచార్యుడుగా రమ్మని స్వదేశం పిలిచినది. రకోవిట్సా వెంటనే తల ఊపలేదు. గుహాశాస్త్రానికి ప్రత్యేక పరిశోధనా సంస్థ, దానికి గ్రంథాలయం, సిబ్బంది, నిధులు ఏర్పరిస్తేనే వస్తానని షరతు పెట్టినారు. జీతం పెంచమని ఆయన అడిగినట్లు మేము ఎక్కడా చదువలేదు. ప్రభుత్వం ఒప్పుకొని 1920 ఏప్రిల్ 26న శాసనమే చేసినది. ప్రపంచంలో మొట్టమొదటి గుహాశాస్త్ర సంస్థ ఆ విధంగా వెలసినది. ఈ పత్రికను మన కళాశాల కమిటీ పెద్దలు కూడా చదువుతారు. రెండు సూక్ష్మదర్శినులతో అరవైమంది విద్యార్థులు ప్రాక్టికల్స్ చేస్తున్న సంగతి వారికి తెలియనిది కాదు.

ఇరవై ఏళ్ల పని తీరు విస్తరించి వ్రాయడానికి ఇక్కడ చోటు లేదు. జన్నెల్ క్లుజ్‌కు వచ్చి కొన్నేళ్లు పనిచేశారు. స్విట్జర్లాండు దేశస్థుడు షప్పుయీ కూడా చేరినారు. రకోవిట్సా స్కెరిష్వారా మంచు గుహను పరిశోధించి 1927లో గ్రంథం వ్రాసినారు. 1926 నుండి 1929 వరకు రుమేనియా అకాడమీకి అధ్యక్షులు. అడవుల, గుహల రక్షణకు వాదించినవారిలో ముందు వరుసలో నిలిచినారు.

1940 ఆగస్టులో వియన్నా తీర్పుతో ఉత్తర ట్రాన్సిల్వేనియా హంగరీ వశమైనది. డెబ్బై రెండవ ఏటికి చేరువలో ఉన్న వృద్ధుడు తాను కట్టిన సంస్థను విడిచి తిమిష్వారా నగరానికి తరలిపోవలసి వచ్చినది. గ్రంథాలయం, సీసాలలోని నమూనాలు క్లుజ్‌లోనే ఉండిపోయినవి. తటస్థ దేశపు పౌరుడైన షప్పుయీ అక్కడే నిలిచి యుద్ధకాలమంతా వాటిని కాపాడినారు. ఒక దేశపు జాతీయ సంపదను పరదేశీయుడు కాపలా కాయడం మాకు మిక్కిలి హృదయంగమంగా తోచినది.

యుద్ధం ముగిసిన తరువాత రకోవిట్సా క్లుజ్‌కు తిరిగి వచ్చినారు. సంస్థను మళ్లీ నిలబెట్టే ప్రయత్నంలో ఉండగానే 1947 నవంబరులో అక్కడే కన్నుమూసినారు. 1956లో సంస్థను పునర్వ్యవస్థీకరించి, కేంద్రాన్ని బుకారెస్టులోను, శాఖను క్లుజ్‌లోను ఉంచినారు. నేడు అది ఎమిల్ రకోవిట్సా గుహాశాస్త్ర సంస్థ అనే పేరుతో పనిచేస్తున్నది.